పండుగ రాత్రి పాలు: ముద్ఖేడ్ కోజాగిరి, అమెరికా ఎగ్‌నాగ్

ఎగ్‌నాగ్ అమెరికా వాళ్ల క్రిస్మస్ పానీయం. పాలు, మీగడ, పంచదార, బాగా గిలక్కొట్టిన కోడిగుడ్డు కలిపి పైన చిటికెడు జాజికాయ పొడి చల్లుతారు. పెద్దవాళ్ల గ్లాసుల్లో రమ్మో, బ్రాందీయో, విస్కీయో కూడా పడుతుంది. మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా ముద్ఖేడ్‌లో ఈ పేరుకు పెద్దగా పలుకుబడి లేదు. అయితే ఆ జాజికాయ వాసన, ఆ చిక్కదనం, పండుగ రాత్రి నలుగురూ చేరి చిన్న గ్లాసుల్లో పోసుకుని తాగే ఆ ముచ్చట అక్కడ ఎవరికీ కొత్త కాదు. ఆశ్వయుజ పౌర్ణమి నాడు, మరాఠీవాళ్లు కోజాగిరి అని పిలుచుకునే రాత్రి, డాబాల మీద మరిగే మసాలా పాలు ఎగ్‌నాగ్‌కు వరసైన చుట్టమే. అమెరికాలో పాలకు చిక్కదనం గుడ్డు వల్ల వస్తుంది, ముద్ఖేడ్ ఉన్న మరాఠ్వాడాలో పొయ్యి వల్ల వస్తుంది. మిగతా తేడాలన్నీ దాదాపు ఇందులోంచి పుట్టినవే.

జంక్షన్ ఊరి పండుగలు

ముద్ఖేడ్ నాందేడ్ పట్నానికి పాతిక కిలోమీటర్లలోపే ఉన్న తాలూకా కేంద్రం. రైల్లో తిరిగేవాళ్లకు జంక్షన్‌గా, కేంద్ర రిజర్వు పోలీసు దళంలో చేరినవాళ్లకు శిక్షణ కేంద్రంగా, చుట్టుపక్కల వ్యాపారులకు పూలతోటల తాలూకాగా తెలుసు. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, బాసర, ధర్మాబాద్ మీదుగా మన్మాడ్ వెళ్లే లైను నిజాం కాలంలో హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే పేరుతో మీటర్‌గేజిగా పడింది. ఆ లైను నుంచి కిన్వట్, ఆదిలాబాద్ వైపు దారి చీలేది ఇక్కడే. తిరుపతి నుంచి ఆదిలాబాద్ వెళ్లే కృష్ణా ఎక్స్‌ప్రెస్ తెలంగాణ దాటి మహారాష్ట్రలోకి వచ్చి, ముద్ఖేడ్ దగ్గర మలుపు తీసుకుని, మళ్లీ తెలంగాణలోకి పోతుంది. తెలుగువాళ్లు నిద్రలో దాటేసే మరాఠీ స్టేషన్లలో ఇదొకటి.

1948 సెప్టెంబరు 17 దాకా ఈ ప్రాంతం హైదరాబాద్ సంస్థానంలో ఉండేది. 1956లో భాషల లెక్కన బొంబాయి రాష్ట్రంలో, 1960 మే 1న మహారాష్ట్రలో కలిసింది. పటంలో గీత మారినంత తొందరగా వంటిల్లు మారదు. తూర్పున ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాల్లో తెలుగు ఇప్పటికీ ఇంటి మాటే. నాందేడ్, సోలాపూర్‌లలో తరాలుగా స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడతాయి. దఖ్నీ ఉర్దూ రెండింటికీ నడిమింటి భాష. అందుకే ఇక్కడ ఏడాది పొడవునా ఏదో ఒక పండుగకు ఏదో ఒక పానీయం ఉంటుంది. ఉగాది పచ్చడిని తెలంగాణలో పలుచగా చేసి గ్లాసుల్లో పోసి తాగుతారు. శ్రీరామనవమికి బెల్లం, మిరియాలు, శొంఠి వేసిన పానకం. పీర్ల పండుగకు షర్బత్. రంజాన్ నాడు, అంటే ఈదుల్ ఫితర్ నాడు, షీర్ ఖుర్మా. నాందేడ్ సచ్‌ఖండ్ హుజూర్ సాహిబ్ గురుద్వారాలో హోలీ వేళ జరిగే హల్లా మొహల్లాకు దేశం నలుమూలల నుంచి నిహంగ్ సిక్కులు వస్తారు. పెద్ద రాతి కల్వంలో బాదం, గసగసాలు, మిరియాలు నూరి తీసే సర్దాయి వాళ్ల సంప్రదాయ పానీయం. గురు గోవింద్ సింగ్ 1708లో తనువు చాలించింది నాందేడ్‌లోనే.

వీటిలో పాలు ప్రధానమైనవి రెండే: షీర్ ఖుర్మా, కోజాగిరి పాలు. షీర్ ఖుర్మాను పానీయమనాలా, పాయసమనాలా అన్నది తేలని వ్యవహారం. నేతిలో వేయించిన సన్న సేమ్యా, ఖర్జూరం, సారపప్పు పాలలో ఉడికి చిక్కబడితే చెంచా కావాలి. వచ్చేపోయే అతిథుల కోసం పలుచగా చేస్తే గ్లాసు చాలు. హైదరాబాద్‌లో ఈద్ ఉదయం నమాజు ముగిసిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా తలుపు తట్టిన ప్రతి ఒక్కరికీ ఒక కప్పు అందుతుంది. పండుగ పానీయానికి ఉండాల్సిన మొదటి గుణం అదే. ఎంతమంది వచ్చినా సరిపోయేంత చేయగలగాలి, గిన్నె అడుగంటకూడదు.

మేలుకున్నవారికి పాలు

కోజాగిరి దసరా వెళ్లిన ఐదో నాటికి వస్తుంది. 2024లో అక్టోబరు 16న, 2025లో అక్టోబరు 6న వచ్చింది. మరాఠ్వాడాలో ఆ రోజుకు వానలు వెనక్కి తగ్గి, ఆకాశం కడిగినట్టు ఉండి, రాత్రికి చిన్నపాటి చలి మొదలవుతుంది. ఆ రాత్రి లక్ష్మీదేవి భూమ్మీద తిరుగుతూ ఎవరు మేలుకుని ఉన్నారో అడుగుతుందని, మేలుకున్నవారికి సిరి ఇస్తుందని నమ్మకం. లక్ష్మికి, ఐరావతం మీది ఇంద్రుడికి పూజ చేసి అటుకులు, కొబ్బరినీళ్లు నైవేద్యం పెట్టడం పాత పద్ధతి. పాచికలాడుతూ జాగారం చేయడం కూడా శాస్త్రంలో ఉన్నదే. ఇప్పుడు పాచికల స్థానంలో అంత్యాక్షరి, హౌసీ వచ్చాయి. మహారాష్ట్ర ఇళ్లలో ఇంకో ఆచారం ఉంది. ఆ సాయంత్రం తల్లి ఇంటి పెద్దబిడ్డకు, కొడుకైనా కూతురైనా, బొట్టుపెట్టి హారతి ఇస్తుంది. రెండో సంతానానికి ఆ రోజు అలిగే హక్కు ఉంటుంది.

తుళ్జాపూర్ భవానీ అమ్మవారు దసరా నాడు సీమోల్లంఘనం చేసి వచ్చి, అలసట తీర ఈ పౌర్ణమి దాకా పల్లకీ వెంట వచ్చిన మంచం మీద నిద్రపోతుందని అక్కడి సంప్రదాయం. ఆమె లేచే రోజున దర్శనానికి మరాఠ్వాడా, కర్ణాటక, సోలాపూర్ వైపుల నుంచి జనం కాలినడకన పోతారు. సోలాపూర్ తెలుగు వీధులు కూడా ఆ నడకలో ఉంటాయి. తెలంగాణలో సద్దుల బతుకమ్మ అప్పటికి వారం కిందటే చెరువులో కలిసిపోయి ఉంటుంది. ఆంధ్రలో అట్లతద్దికి ఇంకా మూడు రోజులుంటాయి. తెలుగు పంచాంగంలో ఆ పౌర్ణమి ఉన్నా, దానికి ప్రత్యేకంగా ఒక పానీయం లేదు. సరిహద్దు తాలూకాల్లోని తెలుగు ఇళ్లు ఆ లోటును పక్కింటి మరాఠీవాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్న పాలతో పూడ్చుకున్నాయి.

పాలు పోసిన గిన్నెను వెన్నెల్లో పెట్టి, అందులో చంద్రుడి నీడ కనిపించాక నైవేద్యం పెట్టి, తర్వాత పంచుతారు. అపార్ట్‌మెంట్లలో అయితే మేడ మీద అందరి చందాతో పెద్ద బగోనె ఎక్కుతుంది. పాలతోపాటు భేల్, బటాటా వడ, మిర్చీ భజ్జీ. తీపి చిక్కటి పాలకు పక్కన కారం లేకపోతే రెండో గ్లాసు దిగదు. ఈ సంగతి మరాఠీవాళ్లకు తెలిసినంత బాగా ఎగ్‌నాగ్ తాగేవాళ్లకు తెలియదు. వాళ్లు దానికి తోడు కేకు, కుకీలు పెడతారు, తీపి మీద తీపి.

పొయ్యి మీద జరిగేది

ఆవు పాలలో దాదాపు 87 శాతం నీళ్లే. మసాలా పాలు చేయడమంటే ముందుగా ఆ నీటిలో కొంత భాగాన్ని ఆవిరిగా పంపేయడం. రెండు లీటర్ల పాలు లీటరున్నర దాకా ఇంకాలి. మంట పెంచితే అడుగంటుతుంది, ఆ మాడు వాసనను కుంకుమపువ్వు కూడా కప్పలేదు. అందుకని అడుగు మందంగా ఉన్న గిన్నె, సన్నని సెగ, ఆగకుండా తిరిగే గరిటె కావాలి. పైన మీగడ తరక కట్టగానే దాన్ని గిన్నె అంచుకు నెట్టి, ఎండిన తరకను మళ్లీ గీకి పాలలో కలపడం అసలు కిటుకు. గ్లాసులో నాలుకకు తగిలే ఆ మెత్తని పలుకులు ఏ పొడితోనూ రావు. నానబెట్టి పొట్టు తీసిన బాదంపప్పును కాసిని పాలతో ముద్దగా నూరి సగం కాగాక కలిపితే చిక్కదనం ఇంకో మెట్టు ఎక్కుతుంది. పంచదార ఆఖర్న. కుంకుమపువ్వు గోరువెచ్చని పాలలో ముందే నానాలి. ఏలకుల పొడి, అరగదీసిన జాజికాయ మాత్రం దించిన తర్వాతే వేయాలి. ఎక్కువసేపు మరిగితే వాటి సువాసన నూనెలు ఆవిరితోపాటు వంటింటి కిటికీలోంచి వెళ్లిపోతాయి.

జాజికాయ విషయంలో చెయ్యి తడబడకూడదు. రెండు లీటర్ల పాలకు కాయలో నాలుగో వంతు కూడా ఎక్కువే. అందులో మిరిస్టిసిన్ అనే పదార్థం ఉంది. ఒకేసారి ఐదారు గ్రాములు లోపలికి పోతే గుండెదడ, తల తిరగడం, మతి తప్పడం దాకా తెస్తుంది. పసిపిల్లలకు సానమీద జాజికాయ అరగదీసి నాకించే తెలుగు అమ్మమ్మలు ఆ కొలతను గ్రాముల్లో కాకుండా సానమీద తిప్పే చుట్ల లెక్కలో పట్టుకున్నారు.

పాలు ఏవన్నది కూడా ముఖ్యమే. నాందేడ్ జిల్లా కంధార్ తాలూకా పేరు మీద ఎర్రకంధారీ అనే ఆవుజాతి ఉంది. ముదురు ఎరుపు ఒంటితో పొలం పనికి ఉక్కులాంటి జాతే గాని పాలు తక్కువ. పక్కన లాతూర్ వైపు దేవణి జాతి పాడికీ, దుక్కికీ రెండింటికీ పనికొస్తుంది. పండుగ కడాయిలోకి మాత్రం గేదె పాలదే పైచేయి. మరాఠ్వాడాకు తనదైన గేదె జాతి కూడా ఉంది. గేదె పాలలో వెన్న సహజంగానే 6 నుంచి 7 శాతం ఉంటుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ నిబంధన ప్రకారం ఎగ్‌నాగ్ పేరుతో అమ్మే దానిలో వెన్న కనీసం 6 శాతం ఉండాలి. అక్కడి డెయిరీలు ఆవుపాలకు మీగడ కలిపి ఆ అంకె చేరుకోవాలి. మరాఠ్వాడా గేదె ఆ పరీక్షను పొదుగులోనే పాసవుతుంది.

ఒక గ్లాసులోని దేశాలు

మసాలా పాలలో స్థానికమైనవి చూస్తే చాలా కొద్ది. కుంకుమపువ్వు కాశ్మీర్ పంపోర్ వైపుది, ఏలకులు, జాజికాయ కేరళవి. బాదంపప్పు చాలామటుకు కాలిఫోర్నియా నుంచి ఓడెక్కి వస్తుంది. పంచదార ఒకప్పుడు దగ్గరిదే. నిజామాబాద్ జిల్లా బోధన్‌లో 1930ల చివర్లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఆసియాలోనే పెద్దదన్న పేరుండేది. శక్కర్‌నగర్ అనే పేట దాని చుట్టూ పుట్టింది. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఇప్పుడు చక్కెర మహారాష్ట్ర సహకార మిల్లులదే.

సారపప్పు ఒక్కటి మాత్రం నిజంగా ఈ నేలది. మరాఠీలో చారోళీ, తెలంగాణలో మొర్రి పప్పు. ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాద్ లైను పట్టుకుని పోతే కిన్వట్, మాహూర్ అడవులు, వాటి వెనక ఆదిలాబాద్ అడవులు వస్తాయి. మొర్రి చెట్లు అక్కడివి. ఎండాకాలంలో నల్లగా మాగే మొర్రి పండ్లను గోండు, కొలాం కుటుంబాలు ఏరి, గుజ్జు తిని, గింజ పగలగొట్టి పప్పు తీస్తారు. కందిగింజంత పప్పు కోసం చాలా గట్టి పెంకు కొట్టాలి, అందుకే దాని ధర చిన్నది కాదు. ఈ పప్పుకు పాలలో ఉడికినా మెత్తబడి కరిగిపోని గుణం ఉంది. కోజాగిరి పాలలోనూ, షీర్ ఖుర్మాలోనూ అది తప్పనిసరి కావడానికి కారణం అదే. లక్ష్మీపూజ చేసిన ఇంట్లోనూ, ఈద్ నమాజు చేసిన ఇంట్లోనూ ఒకే అడవి గింజ.

జాజికాయ కథ అంత శాంతమైనది కాదు. 17వ శతాబ్దంలో అది ఇండోనేషియాలోని బాండా దీవుల్లో తప్ప ఎక్కడా పండేది కాదు. ఆ గుత్తాధిపత్యం కోసం డచ్చి ఈస్టిండియా కంపెనీ 1621లో దీవుల జనాభాను దాదాపు తుడిచిపెట్టింది. 1667 బ్రెడా ఒప్పందంలో ఇంగ్లీషువాళ్లు రన్ అనే చిన్న జాజికాయ దీవి మీద హక్కు వదులుకున్నారు, డచ్చివాళ్లు మన్‌హటన్‌ను వాళ్లకే వదిలేశారు. ఈరోజు న్యూయార్క్‌లో డిసెంబరు రాత్రి ఎగ్‌నాగ్ మీద చల్లే పొడికి ఆ బేరంతో పాత బాకీ ఉంది.

గుడ్డు ఎక్కడ చేరింది

ఎగ్‌నాగ్‌కు పూర్వీకురాలు మధ్యయుగపు ఇంగ్లండ్‌లోని పాసెట్. వేడి పాలలో ద్రాక్షసారాయో ఏలో పోస్తే విరిగి పైన పెరుగుగడ్డ, కింద తేట చేరతాయి. తేట తాగడానికి ముక్కు ఉన్న ప్రత్యేకమైన పింగాణీ పాత్రలుండేవి, ఇంగ్లండ్ మ్యూజియంలలో ఇప్పటికీ కనిపిస్తాయి. షేక్‌స్పియర్ నాటకం మాక్బెత్‌లో రాజుగారి కాపలావాళ్లకు లేడీ మాక్బెత్ మత్తుమందు కలిపి పంపింది ఈ పాసెట్‌లోనే. పాలు, గుడ్లు, స్పెయిన్ సారాయి సమృద్ధిగా దొరికేది కలవారికే కాబట్టి అది పెద్దింటి పానీయం. అట్లాంటిక్ దాటి అమెరికా చేరాక పరిస్థితి తిరగబడింది. ఇంటింటా ఆవు, కోళ్లు. కరీబియన్ దీవుల నుంచి చౌకగా రమ్ము. 18వ శతాబ్దం చివరికి ఎగ్‌నాగ్ అనే పేరు అమెరికా అచ్చులో కనిపిస్తుంది. స్వాతంత్ర్యం వచ్చాక రమ్ము ఖరీదై సొంత గడ్డ విస్కీ ఆ చోటును ఆక్రమించింది.

ఈ పానీయం ఒక తిరుగుబాటుకు కూడా పేరిచ్చింది. 1826లో వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీ అధిపతి సిల్వేనస్ థేయర్ ప్రాంగణంలో మద్యం నిషేధించాడు. క్రిస్మస్ ముందురాత్రి క్యాడెట్లు విస్కీని దొంగచాటుగా హడ్సన్ నది దాటించి తెచ్చి ఎగ్‌నాగ్ చేసుకున్నారు. తెల్లవారేసరికి కిటికీలు పగిలాయి, కత్తులు దూశారు, ఒక అధికారి మీద తుపాకీ కూడా పేలింది. 20 మంది దాకా క్యాడెట్లు కోర్టు మార్షల్‌కు వెళ్లారు. ఆ రాత్రి అల్లరిలో ఉండి శిక్ష తప్పించుకున్న ఒక క్యాడెట్ జెఫర్సన్ డేవిస్, తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు. కోజాగిరి డాబాల మీద జరిగే గొడవలు హౌసీ టికెట్ల దగ్గర ఆగిపోతాయి.

గుడ్డు చేసే పని రెండు రకాలు. పచ్చసొనలోని లెసిథిన్ కొవ్వునూ నీటినీ విడిపోకుండా కలిపి పట్టుకుంటుంది. సన్నని సెగ మీద, 70 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో, సొనలోని ప్రొటీన్లు విచ్చుకుని పాలను చిక్కబరుస్తాయి. వేడి 80 దాటితే పాలలో గుడ్డు పొరటు తయారవుతుంది. తెలుగువాళ్లకు ఈ రసాయనం మరో రూపంలో తెలుసు, జున్నుగా. ఈనిన తొలి రోజుల పాలలోని ప్రొటీన్లు వేడికి గుడ్డులాగే గడ్డకడతాయి. జున్నుపాలు దొరకని పట్నవాసులు మామూలు పాలలో గుడ్డు తెల్లసొన కలిపి ఆవిరి మీద పెట్టి దొంగజున్ను చేయడం ఈ పోలికకు చక్కని రుజువు. శాకాహారుల ఇంటికి మాత్రం అది తీసుకెళ్లకూడదు.

గుడ్డుతో చేసే ఇలాంటి పానీయాలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. మెక్సికో ప్యూబ్లా నగరంలో సన్యాసినుల మఠాల నుంచి వచ్చిందని చెప్పే రొంపోపే, డచ్చివాళ్లు చెంచాతో తినేంత చిక్కగా చేసే అడ్వొకాట్. ప్యూర్టోరికో కొకీటోలో కొబ్బరిపాలు, రమ్ము ఉంటాయి, చాలామంది అందులో గుడ్డే వేయరు. వీటన్నిటికన్నా ఆసక్తికరమైనది హనోయ్ గుడ్డు కాఫీ. 1946లో పాలకు కరువొచ్చినప్పుడు మెట్రోపోల్ హోటల్ ఉద్యోగి న్గుయెన్ వాన్ జాంగ్ పచ్చసొనను పంచదారతో నురగ వచ్చేలా గిలక్కొట్టి కాఫీ మీద పోశాడు. అక్కడ పాలు లేక గుడ్డు పాల పని చేసింది. మరాఠ్వాడాలో పాలే గుడ్డు పని కూడా చేసుకుంటాయి.

అలాగని మరాఠ్వాడాకు గుడ్డు దూరమేమీ కాదు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణ కూడా ముందు వరసలోనే ఉంది. మహారాష్ట్ర తన అవసరానికి సరిపడా గుడ్లు ఉత్పత్తి చేసుకోలేదు. రోజుకు కోటి గుడ్ల దాకా తక్కువ పడుతున్నాయని 2023 జనవరిలో ఆ రాష్ట్ర పశుసంవర్ధక శాఖ అధికారులే చెప్పారు. ఆ లోటు తీరేది తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు లారీలతో. దేశపు కోళ్ల పరిశ్రమకు పితామహుడిగా చెప్పే బండా వాసుదేవరావు హైదరాబాద్‌వాడు. 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టి, తర్వాత పుణెకు మకాం మార్చి, 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పాటుకు నాయకత్వం వహించాడు. ఆదివారమైనా సోమవారమైనా గుడ్డు తినమని టీవీలో ఒక తరానికి చెవులు చిల్లులు పడేలా చెప్పింది ఆ సంఘమే. ఇంత జరిగినా గుడ్డు కోడికూర పక్కన పొయ్యి ఎక్కింది గాని పూజ పాలలోకి రాలేదు. నైవేద్యం పెట్టే పాత్రలో గుడ్డు పడదు. భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం కూడా గుడ్డున్న సరుకు మాంసాహారపు గోధుమరంగు గుర్తు వేసుకోవాల్సిందే.

సికింద్రాబాద్ దాకా వచ్చిన క్రిస్మస్

అదే రైలు లైను మీద తూర్పుకు పోతే క్రిస్మస్ కనిపిస్తుంది. డిచ్‌పల్లిలో వెస్లియన్ మిషన్ కుష్ఠు ఆసుపత్రి 1915 నాటిది. లైనుకు కొంచెం పక్కగా మెదక్ చర్చిని చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఏటా క్రిస్మస్‌కు తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటకల నుంచి అక్కడికి చేరే జనంలో క్రైస్తవేతరులూ చాలామందే. తెలుగు క్రైస్తవుల పండుగ భోజనం అంటే బిర్యానీ, అరిసెలు, మురుకులు, ఆపైన కేకు. పానీయం సంగతికొస్తే ఇంట్లో పులియబెట్టిన ద్రాక్షరసం ఉంటుంది. సికింద్రాబాద్ లాలాగూడలోని పాత రైల్వే ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో దానికి తోడు అల్లం వైన్, గులాబీ పూలు, కల్‌కల్స్ అనే పిండివంటలు.

ఎగ్‌నాగ్ మన దగ్గర పండుగ పేరుతో నిలవలేదు గాని మందు పేరుతో ప్రవేశించింది. ఇంగ్లీషు ఇళ్లలో ఎగ్‌ఫ్లిప్ పేరుతో నీరసించినవాళ్లకు ఇచ్చే పాలు, గుడ్డు, కాస్త బ్రాందీ మిశ్రమం ఆసుపత్రుల ద్వారా, దొరల వంటవాళ్ల ద్వారా బయటికి పాకింది. తెలుగు ఊళ్లలో బక్కపిల్లలకు, జ్వరం నుంచి లేచినవాళ్లకు వేడి పాలలో గుడ్డు కొట్టి పోసి ముక్కు మూసి తాగించడం చాలామంది మరచిపోలేని చిన్ననాటి శిక్ష. జాజికాయ, పంచదార ధారాళంగా పడి ఉంటే అదే క్రిస్మస్ విందయ్యేది. రుచి చూసుకునే ఓపిక లేకపోవడమే ఆ పాలకు శాపం.

వెన్నెలా, సూక్ష్మజీవులూ

శరత్ పౌర్ణమి వెన్నెలలో పాలకు ఔషధగుణం వస్తుందన్న మాట విస్తారంగా వినిపిస్తుంది. వెన్నెల అంటే చంద్రుడి మీద పడి మన వైపు తిరిగిన ఎండే, అదీ ఎండకన్నా కొన్ని లక్షల రెట్లు తక్కువ వెలుతురు. పాలకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. తాగేవాళ్లకు మాత్రం బోలెడంత. జాగ్రత్త పడాల్సింది వేరే చోట. గోరువెచ్చగా రెండు గంటలకు మించి మూతలేకుండా ఉన్న పాలలో సూక్ష్మజీవులు పండుగ చేసుకుంటాయి. అనుభవమున్న ఇల్లాలు పూజకు చిన్న వెండిగిన్నెలో కాసిని పాలు విడిగా వెన్నెల్లో పెట్టి, పంచాల్సిన బగోనెను సన్న సెగ మీదే ఉంచుతుంది. పండుగ రోజుల్లో పాలకు గిరాకీ పెరిగి కల్తీ కూడా పెరుగుతుంది కాబట్టి, కళ్లెదుట పితికిన పాలో, నమ్మకమైన డెయిరీ ప్యాకెట్టో మేలు.

ఎగ్‌నాగ్‌కు భయం సాల్మొనెల్లా. పచ్చిగుడ్డుతో చేసే పాత పద్ధతిని అమెరికా అధికారులు వద్దంటారు; పాలూ గుడ్డూ కలిపి 71 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి చల్లార్చమంటారు. దీనికి ఒక రసవత్తరమైన మినహాయింపు ఉంది. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాను తెగలుగా వర్గీకరించిన రెబెక్కా లాన్స్‌ఫీల్డ్ న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థ ప్రయోగశాలలో ఏటా ఎగ్‌నాగ్ చేసేది. మద్యం దండిగా పోసి, వారాలపాటు చల్లని చోట ఊరబెట్టి, సెలవులకు ముందు తోటివారికి పంచేది. ఆమె తదనంతరం అదే ప్రయోగశాలవాళ్లు ఆ పద్ధతిలో చేసిన ఎగ్‌నాగ్‌లో కావాలని సాల్మొనెల్లా కలిపి చూస్తే, మూడు వారాలకు క్రిమి జాడ లేదు. మద్యం తక్కువైతే, ఊరే కాలం తక్కువైతే ఈ రక్షణ లేదు. మద్యం లేని పిల్లల గ్లాసుకు కాచడం ఒక్కటే దారి.

రెండు పండుగల ఫ్రిజ్

అమెరికాలోని తెలుగు ఇళ్లకు ఈ రెండు పానీయాలూ రెండు నెలల తేడాతో ఎదురవుతాయి. అక్టోబరులో మరాఠీ స్నేహితుల ఇంట్లో కోజాగిరి పాలు. నవంబరు నుంచి సూపర్‌మార్కెట్ అరల్లో ఎగ్‌నాగ్ డబ్బాలు, అవి జనవరి మొదటి వారాలకల్లా మాయమవుతాయి. పార్టీలో పెద్ద గాజు గిన్నెలో పోసి గరిటెతో చిన్న కప్పుల్లోకి తీస్తారు. డబ్బా ఎగ్‌నాగ్ కాచి చల్లార్చినదే, కాబట్టి పచ్చిగుడ్డు భయం లేదు. గుడ్డు మాత్రం ఉంటుంది. నిబంధన ప్రకారం పచ్చసొన ఘనపదార్థాలు బరువులో కనీసం 1 శాతం ఉండాలి. శాకాహార ఇళ్లలో డబ్బా కొనేముందు ఈ సంగతి చూసుకోవడం మంచిది. పాలూ గుడ్డూ రెండూ లేని సోయా, బాదం, వోట్ నాగ్‌లు పక్క అరలోనే దొరుకుతాయి.

డబ్బా సరుకు తెలుగు నాలుకకు తీపి ఎక్కువగా, ముద్దగా తగులుతుంది. చల్లని మామూలు పాలు మూడో వంతు కలిపి, అప్పటికప్పుడు అరగదీసిన జాజికాయ, చిటికెడు ఏలకుల పొడి వేస్తే తేలికపడుతుంది. వేడిగా కావాలనుకుంటే మరగనివ్వకుండా పొగలు రాగానే దించాలి, మరిగితే విరుగుతుంది. ఇంట్లోనే గుడ్డు లేకుండా చేయదలచినవారికి కస్టర్డ్ పొడి ఒక మార్గం, కోజాగిరి పద్ధతిలో పాలు ఇంకబెట్టి బాదం ముద్ద కలిపి చల్లార్చడం ఇంకో మార్గం. రెండోది ఎక్కువసేపు పడుతుంది, రుచిలో మొదటిదాన్ని మైళ్ల దూరంలో వదిలేస్తుంది. మహారాష్ట్రలో శ్రీఖండ్‌ను మజ్జిగతో పలుచన చేసి జాజికాయ వేసే పీయూష్ కూడా చల్లని ఎగ్‌నాగ్‌కు దగ్గరగా వస్తుంది, కాకపోతే కాస్త పులుపు.

మద్యం కలిపే గిన్నె, పిల్లల గిన్నె వేరువేరు బల్లల మీద ఉండాలి, రంగు ఒకటే కాబట్టి పేర్లు రాసిన చీటీలు అంటించాలి. మూత తీసిన డబ్బా ఫ్రిజ్‌లో ఐదు నుంచి ఏడు రోజులు నిలుస్తుంది. మిగిలినదాన్ని బ్రెడ్ ముక్కలు ముంచి పెనం మీద కాల్చుకోవచ్చు. నేతిలో వేయించి ఉడికించిన సేమ్యా మీద, పొయ్యి కట్టేసిన తర్వాత పోసి నాలుగు సారపప్పులు చల్లినా బాగానే కుదురుతుంది. పంచదార వేరే వేయనక్కర్లేదు.